భూగోళం మారదు

కాశీవిశ్వనాథం ఇంట్లో బూట్లేసుకుని తిరగడం సుగుణకు బొత్తిగా నచ్చలేదు. టొరంటో స్కార్‌బరోలో ఆ ఇల్లు కొన్న ముప్పై ఏళ్ళలో చెప్పు అన్నది గడప దాటి లోపలికి వచ్చింది లేదు. ప్లంబరైనా సరే, పాదాలకు నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాకే లోపలికి. అలాంటిది శనివారం పొద్దున్నే ఇంటాయన నల్లబూట్లు తొడుక్కుని డైనింగ్ టేబుల్ చుట్టూ టకటకమని ప్రదక్షిణలు చేస్తుంటే ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అవి కొత్తవనీ, అట్టపెట్టెలోంచి తీసి సోఫాలో కూర్చునే తొడుక్కున్నాననీ, అడుగున మట్టి రేణువు కూడా లేదనీ ఆయన సంజాయిషీ చెప్పుకున్నాడు. ఇన్విజిలేటరు బూట్ల చప్పుడు వినపడకపోతే అది పరీక్ష ఎలా అవుతుందని పైపెచ్చు ఎదురు ప్రశ్న వేశాడు.

పరీక్ష రాస్తున్నది ఒక్క మనిషి. పేరు నిఖిల. వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటుంది. కరీంనగర్ వైపు పిల్ల. ఇక్కడి కాలేజీలో డిప్లొమా చేసి, ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేస్తోంది. జూన్‌లో రెండు వారాల సెలవు మీద ఇండియా వెళ్ళి తెలంగాణ గ్రూప్ వన్ ప్రిలిమ్స్ రాసి వచ్చింది. పాసైంది. మెయిన్స్ ఇంకో మూడు వారాల్లో. తక్కిన పేపర్లన్నీ ఒక ఎత్తు, జాగ్రఫీ ఒక్కటీ ఒక ఎత్తు ఆ పిల్లకు. నిద్రలో లేపి అడిగినా రాజ్యాంగం అధికరణాలు అప్పజెబుతుంది గానీ ఋతుపవనాలు ఎటు నుంచి ఎటు వీస్తాయో చెప్పమంటే చేతులతో గాలిలో బాణాలు వేసుకుని చూసుకోవాలి.

ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఫిల్టరు మార్చడానికి బేస్‌మెంట్‌లోకి దిగిన కాశీవిశ్వనాథం గోడ మీద ఇండియా పటం చూసిన రోజునే ఆ పిల్ల జాతకం మారిపోయింది. ఆయన ఉద్యోగం చేసింది నీటి శుద్ధి ప్లాంటులో. కానీ అసలు కావలసింది కలెక్టరు. ఎనభైల్లో రెండుసార్లు సివిల్స్ రాశాడు, జాగ్రఫీ ఆప్షనల్. రెండోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళి పదకొండు మార్కుల్లో పోయింది. ఈ సంగతి టొరంటో తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు తక్కువ. విందుల్లో భోజనాలు సగానికి వచ్చేసరికి ఆ పదకొండు మార్కులు విస్తట్లోకి వస్తాయి. అవి వచ్చే వేళకు సుగుణ సాంబారు తేవడానికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. విని విని విసిగిపోయిందని అందరూ అనుకుంటారు.

"చరిత్ర మారుతుందమ్మా, రాజు మారితే మారుతుంది. రాజ్యాంగానికి సవరణలొస్తాయి. భూగోళం మాత్రం మారదు. ఒక్కసారి నేర్చుకుంటే చచ్చేదాకా అదే" అని ఆయన మొదటి పాఠం చెప్పాడు.

అసలు పరీక్షలో జాగ్రఫీ, చరిత్రతో కలిసి ఒకే పేపరు. చరిత్రంతా కథలేనని కొట్టిపారేసి, నూటయాభై మార్కులకూ జాగ్రఫీయే ఇచ్చి, ఆ పిల్ల కోసమని ప్రశ్నలన్నీ తెలుగులో టైపు చేశాడు. కంప్యూటర్ మీద ఫోటోతో హాల్‌టికెట్ తయారు చేశాడు. అందులో పరీక్షా కేంద్రం అన్నచోట వాళ్ళింటి అడ్రసే ఉంది. పదిహేను నిమిషాల ముందు గేటు మూసేస్తామని రాసి ఉండటం చూసి నిఖిల బేస్‌మెంట్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. తనిఖీ సుగుణ బాధ్యత. ఆవిడ ఆ పిల్ల చేతి గడియారం తీయించి, నీళ్ళ సీసాకున్న కాగితం చింపి, ఆ తర్వాత తనిఖీ అధికారులు చేయకూడని పని చేసింది. నాలుగు ఇడ్లీలు అల్లప్పచ్చడి వేసి పక్కన పెట్టింది. ఆయన అభ్యంతరం చెప్పాడు. కాలే కడుపుతో గోదావరి ఉపనదులు గుర్తురావని ఆవిడ చెప్పింది.

పూజగదిలో గంట తెచ్చి మోగించడంతో పరీక్ష మొదలైంది. మూడు గంటలూ నిఖిల తలెత్తలేదు. స్కేలు పెట్టి బొమ్మలు గీసింది, పటం మీద చుక్కలు పెట్టింది, ఎడమ చేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటూ రాసింది. పన్నెండున్నరకు గంట మోగేసరికి ఆఖరి ప్రశ్నలో ఆఖరి వాక్యం సగంలో ఉంది.

"రెండు నిమిషాలు అంకుల్."

"అసలు పరీక్షలో ఇస్తారా?" అని ఆయన పేపరు లాగేసుకున్నాడు. కలం గీత కాగితం అంచు దాకా సాగిపోయింది. నిఖిల ఖాళీ టేబుల్ వంక ఒక క్షణం చూసి, ఇడ్లీ ప్లేటు కడిగి పెట్టి, మధ్యాహ్నం షిఫ్టుకు బస్సు అందుకోవడానికి పరుగెత్తింది.

ఆదివారమంతా మూల్యాంకనం. కాశీవిశ్వనాథం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, జవాబుపత్రం మీద పేరున్నచోట తెల్లకాగితం అంటించాడు. రాసినవాళ్ళెవరో దిద్దేవాడికి తెలియకూడదు. ఉన్నది ఒక్క అభ్యర్థే కదా, తెలియకపోవడమేమిటని సుగుణ అడిగితే, పద్ధతి అంటే పద్ధతేనన్నాడు. పక్కన ఆయన అట్లాసు ఉంది. గుంటూరులో సివిల్స్ కోసమని కొన్నది, ట్రంకుపెట్టెలో ఆయనతో పాటు సముద్రం దాటి వచ్చింది. వెన్ను ఊడిపోతే బూడిదరంగు డక్ట్ టేపు వేసి అతికించాడు. ఆ అట్లాసులో ఉన్నది భూమ్మీద ఉన్నట్టు, లేనిది లేనట్టు.

ఎర్రపెన్ను మూత తీశాక ఆయన మనిషి మారిపోయాడు. తీరరేఖ మీద ప్రశ్నకు ఆ పిల్ల భారతదేశ తీరం పొడవు పదకొండు వేల చిల్లర కిలోమీటర్లు అని రాసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఏడు వేల అయిదువందల పదహారు కదా! చిన్నప్పటి నుంచీ అంతే కదా! మూడున్నర వేల కిలోమీటర్ల సముద్రపొడ్డు ఈ పిల్ల ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చింది? కొట్టేశాడు. రాష్ట్రాలు ఇరవై ఎనిమిది అని రాసింది. ఇరవై ఎనిమిది ఉండేవి, తెలంగాణతో ఇరవై తొమ్మిదయ్యాయి. ఆ సంగతి ఆయన టీవీలో కళ్ళారా చూశాడు. సొంత రాష్ట్రాన్నే లెక్కలో మరిచిపోయిన పిల్ల రేపు ఏం అధికారం చేస్తుందని నొచ్చుకుంటూ కొట్టేశాడు. పోనీ ఆ సొంత రాష్ట్రమైనా సరిగ్గా రాసిందా? జిల్లాలు ముప్పై మూడట. పది జిల్లాలు విడిపోతే ముప్పై మూడెలా అవుతాయి? కొట్టేశాడు. బొగ్గు గనుల పటంలో గోదావరిఖని దగ్గర చుక్క సరిగ్గానే పెట్టి, పక్కన పెద్దపల్లి జిల్లా అని రాసింది. పెద్దపల్లి అనే జిల్లా అట్లాసులో పుట నుంచి పుటకు వెతికినా కనపడలేదు. కొట్టేసి, పైన కరీంనగర్ అని స్పష్టంగా రాశాడు.

ఇలాంటివి ఇంకా నాలుగైదు. అన్నీ కలిపి ఇరవై రెండు మార్కులు ఎగిరిపోయాయి. కూడి చూస్తే డెబ్బై నాలుగు వచ్చింది.

ఆ డెబ్బై నాలుగును ఆయన చాలాసేపు చూశాడు. ఎక్కువనిపించింది. తెనాలిలో ఆయనకు లెక్కలు చెప్పిన మాస్టారు తెలివైన పిల్లవాడికి ఎప్పుడూ నాలుగు మార్కులు తగ్గించే వేసేవారు. తక్కువొస్తే కసి పుడుతుంది, ఎక్కువొస్తే తలకెక్కుతుంది. తాను ఈ మాత్రమైనా మనిషయ్యానంటే ఆ కోత వల్లేనని కాశీవిశ్వనాథం గట్టి నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చేతిరాతకు ఆరు, రంగు పెన్సిలు వాడినందుకు నాలుగు, ఆఖరి వాక్యం పూర్తిచేయనందుకు అయిదు కోసి, మొత్తం యాభై తొమ్మిది అని వేసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. మనసు తృప్తిగా ఉంది. మూడు వారాలుంది కదా, పిల్ల పుంజుకుంటుంది.

జవాబుపత్రం తిరిగి ఇవ్వడం లేదు. అసలు పరీక్షలో ఇవ్వరు గనక. సోమవారం సాయంత్రం బేస్‌మెంట్ తలుపు మీద నోటీసు అంటించాడు. "నిఖిల, 59/150." కింద సంతకం, తేదీ.

ఆరున్నరకు నిఖిల వచ్చింది. ఇనుప ముక్కున్న బరువైన సేఫ్టీ బూట్లు చేత్తో పట్టుకుని తలుపు ముందు నిలబడి చదివింది. కాశీవిశ్వనాథం మెట్ల మీద నుంచి చూస్తున్నాడు. వాదిస్తుందేమో, ఏడుస్తుందేమో అని రెండింటికీ రెండు జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఆ పిల్ల "థాంక్స్ అంకుల్" అని లోపలికి వెళ్ళి మెల్లగా తలుపేసుకుంది. క్రమశిక్షణ అంటే ఇదీ అని ఆయన వంటింట్లోకి వెళ్ళి సుగుణతో చెప్పాడు.

ఆ ఇంట్లో హీటింగ్ గొట్టాల గుండా కింద మాటలు పైకి, పైమాటలు కిందికి వినిపిస్తాయి. సాయంత్రాలు సోఫాలో కూర్చుంటే పాదాల దగ్గర వేడిగాలి వచ్చే జాలీలోంచి నల్లరేగడి నేలలు, ఎర్రనేలలు, ఒండ్రు నేలలు వరసగా పైకొచ్చేవి. ఆ పిల్ల పైకి చదివితే గానీ ఎక్కదు. తప్పు పలికినప్పుడు కాశీవిశ్వనాథం మడమతో నేలమీద ఒక దెబ్బ కొట్టేవాడు, కింద నుంచి "సారీ అంకుల్" అని వినిపించేది. మంగళవారం జాలీలోంచి ఏమీ రాలేదు. మనసులో చదువుకుంటోంది కాబోలు, కసి పుట్టిందన్నమాట అనుకున్నాడు. అయినా రెండుసార్లు జాలీ దగ్గరికి వంగి చెవి పెట్టి చూశాడు. వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

బుధవారం పొద్దున సుగుణ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. కాయ విరిచి, ఈనె లాగి, గింజ చూసి, గిన్నెలో వేస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఆ పిల్ల పరీక్షకు వెళ్ళట్లేదట."

ఆయన కాఫీ కప్పు మూతి దాకా వచ్చి ఆగింది.

ఆవిడ మిగతాది ఒక్కో కాయకు ఒక్కో ముక్క చొప్పున చెప్పింది. ఉద్యోగంలో ఇంకో మూడు నెలలు చేస్తే నిఖిలకు ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్‌కి కావలసిన ఏడాది ఎక్స్‌పీరియెన్స్ పూర్తవుతుంది. ఇప్పుడు నెలన్నర పోతే ఆ సూపర్‌వైజరు పోస్టు ఇంకొకరికిచ్చేస్తామని మేనేజరు చెప్పాడు. వెళ్ళాలా మానాలా అని ఆ పిల్ల ఆగస్టు నుంచీ కొట్టుకుంటోంది. తల్లిని అడిగితే నీ ఇష్టమంది, స్నేహితురాలు రాగిణిని అడిగితే పీఆర్ పోగొట్టుకుంటే పిచ్చిదానివంది. చివరికి తనలో తనే ఒక లెక్క పెట్టుకుంది. అంకుల్ ఇంటర్వ్యూ దాకా వెళ్ళిన మనిషి, ముఖస్తుతి తెలియని మనిషి. ఆయన పేపర్లో సగం మార్కులు, అంటే డెబ్బై అయిదు వస్తే ఉద్యోగం వదిలేసి వెళ్ళడం. రాకపోతే జన్మలో ఆ ఊసెత్తకపోవడం. రాలేదు గనక నిన్న మేనేజరుతో ఎక్కడికీ వెళ్ళట్లేదని చెప్పేసింది. టికెట్ రేపు కాన్సిల్ చేస్తుంది.

"నాకు చెప్పలేదే!" అన్నాడు ఆయన.

"చెబితే మీరు జాలిపడి ఎక్కువేస్తారేమోనని చెప్పలేదట" అంది సుగుణ.

కాశీవిశ్వనాథం కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఆ పిల్ల మంచికే పదిహేను కోశానని గొణిగాడు. సుగుణ చేతిలో కాయ ఆగిపోయింది. అయితే కిందికి వెళ్ళి ఆ ముక్కే చెప్పమంది. ఎలా చెప్పడం? వేసిన మార్కు వెనక్కి తీసుకున్న ఎగ్జామినరు ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నాడా? పైగా ఆ పదిహేనూ కలిపినా డెబ్బై నాలుగే, గీతకు ఒకటి తక్కువ. మింగలేక కక్కలేక, వాకింగ్ పేరు చెప్పి కోటు తగిలించుకుని బయటపడ్డాడు.

ఇరవై ఏళ్ళుగా ఆయన నడక ఒకటే దారి. నాలుగు వీధులు దాటితే సరస్సు ఒడ్డున ఇసుక, బంకమట్టి పొరలు పొరలుగా పేరుకుని నిలువెత్తున నిలబడ్డ గట్లు. అందరూ వాటిని బ్లఫ్స్ అంటారు. ఎండ పడితే పాలమీగడ రంగులో ఉంటాయి. గట్టు మీద పార్కు, పార్కు చివర కంచె, కంచెకు ఇవతల ఒక ఆకుపచ్చ బెంచీ. ఆ బెంచీ మీద కూర్చుని సరస్సు చూస్తూ ఆయన ఎన్ని మంత్రివర్గాలు కూల్చాడో లెక్కలేదు. చలికాలం మంచు దులిపి మరీ కూర్చునేవాడు. ఈ ఎండాకాలమంతా నిఖిల చదువు చూడటంలో పడి అటు రానేలేదు.

బెంచీ ఉంది. కంచెకు అవతల ఉంది.

ఆయన దారి తప్పానేమోనని చుట్టూ చూశాడు. మేపుల్ చెట్టు అదే, చెత్తబుట్ట అదే. కంచె మాత్రం పదిహేను అడుగులు లోపలికి జరిగి కొత్తగా మెరుస్తోంది. దాని అవతల గడ్డి, గడ్డి మీద బెంచీ, బెంచీ వెనక కాళ్ళ దగ్గర నేల నెర్రె విచ్చి ఉంది. ముందు కాళ్ళ దగ్గర ఇక నేలే లేదు. నారింజరంగు చొక్కా తొడుక్కున్న సిటీ పనివాడొకడు కంచె స్తంభం చుట్టూ సిమెంటు మెత్తుతున్నాడు. ఇదేమిటని కాశీవిశ్వనాథం అడిగాడు. గట్టు ఏటా కొంత జారిపోతూనే ఉంటుందనీ, ఈ కంచె జరపడం తను వచ్చాక ఇది మూడోసారనీ ఆ మనిషి తాపీ ఆపకుండానే చెప్పాడు. మీరు గమనించలేదా అని కూడా అడిగాడు.

గమనించలేదు. ప్రతిసారీ బెంచీని కూడా ఇవతలికి జరిపేవారు కాబోలు, ఆయన వెళ్ళి కూర్చునేవాడు. సరస్సు అంతే, బెంచీ అంతే అనుకునేవాడు. కింద నేల మాత్రం మారుతూ వచ్చింది. కాశీవిశ్వనాథం కొత్త కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కళ్ళు బెంచీ మీదున్నాయి గానీ బుర్రలో పదకొండు వేల చిల్లర కిలోమీటర్ల సముద్రపొడ్డు తిరుగుతోంది.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే టాబ్లెట్ తెరిచాడు. తీరరేఖ ఈమధ్యే మళ్ళీ కొలిచారు. వంపులూ పాయలూ మరింత దగ్గర నుంచి లెక్కపెడితే పదకొండు వేల తొంభై ఎనిమిది వచ్చిందట. రాష్ట్రాలు ఇరవై ఎనిమిదే, జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కాగానే ఒకటి తగ్గింది. తెలంగాణ జిల్లాలు ముప్పై మూడు. పెద్దపల్లి జిల్లా కేంద్రం పెద్దపల్లి. నాలుగుకు నాలుగూ ఆ పిల్ల రాసినవే ఒప్పు. మిగిలినవి చూడటానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. అయినా చూశాడు. అవీ అంతే. ఆయనకు సిగ్గేసింది. డెబ్బై ఒక్కేళ్ళ వయసులో, సొంత ఇంట్లో, చూసేవాళ్ళెవరూ లేకపోయినా చెవులు వేడెక్కేంత సిగ్గేసింది.

సాయంత్రం ఒక చేతిలో జవాబుపత్రం, ఇంకో చేతిలో ఫర్నేస్ ఫిల్టరుతో బేస్‌మెంట్ మెట్లు దిగాడు. నిఖిల నేలమీద కూర్చుని పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. గోడ మీద పటం అప్పుడే దించేసినట్టుంది, నాలుగు మూలలా టేపు మచ్చలున్నాయి.

"ఫిల్టరు మొన్ననే మార్చిండ్రు కదా అంకుల్" అంది ఆ పిల్ల.

ఆయన దానికి జవాబు వెతుక్కోలేదు. ఫిల్టరు గోడకు ఆనించి, కింది మెట్టు మీద కూలబడి, జవాబుపత్రం ఆ పిల్ల చేతికిచ్చాడు. చూడమన్నాడు. ఎందుకు చూడాలో చెప్పలేదు.

నిఖిల ఒక్కో పుటా తిప్పింది. ఎర్రగీతలున్న చోటల్లా వేలుపెట్టి ఆగింది. మొదట తన తప్పేమిటో తెలుసుకోవాలన్నట్టు శ్రద్ధగా చదివింది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. బొగ్గు గనుల పటం దగ్గర పూర్తిగా ఆగిపోయింది. పెద్దపల్లి మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి రెండు గీతలు.

"అంకుల్, ఇది మా ఊరు."

ఆయన తల వంచుకున్నాడు.

"గోదావరిఖని మాదే. మా నాయిన ఆ గనిలనే చేసిండు. నా ఆధార్ కార్డు మీద సుత పెద్దపల్లి జిల్లా అనే ఉంటది" అంది నిఖిల. కోపంగా అనలేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు అంది. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు చెప్పాడు. అట్లాసు సంగతి చెప్పాడు, ఇరవై రెండు మార్కుల సంగతి చెప్పాడు, తెనాలి మాస్టారి కోత చెప్పాడు. చెప్పడం మొదలెట్టాక ఇక ఆపడం చేతకాలేదు.

"ఇంకోటుందమ్మా. నేను ఇంటర్వ్యూ దాకా వెళ్ళలేదు. ప్రిలిమ్స్‌లోనే పోయింది, రెండుసార్లూ. ఆ పదకొండు మార్కులూ నేను కల్పించినవి."

పైన మెట్ల మలుపు దగ్గర గాజుల చప్పుడైంది. సుగుణ అక్కడే నిలబడి ఉంది. ఆయన గతుక్కుమని తలెత్తి చూశాడు.

"నాకు తెలుసు. రిజల్ట్స్ వచ్చిన పేపర్లో నంబర్ల మీద వేలు పెట్టి వెతికింది నేనే కదండీ" అంది ఆవిడ. ఇన్నేళ్ళూ ఆవిడ సాంబారు కోసం ఎందుకు లేచేదో కాశీవిశ్వనాథానికి ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడు అర్థమైంది.

నిఖిల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఓదార్చలేదు. చెయ్యి చాపి, ఆయన చొక్కా జేబులోంచి ఎర్రపెన్ను తీసుకుంది. పుస్తకాల అట్టపెట్టెనే బల్లగా చేసుకుని మొదటి పుట నుంచి దిద్దడం మొదలెట్టింది. వేర్‌హౌస్‌లో సరుకు సరిచూసుకునే పద్ధతి ఆ పిల్లది. ప్రతి గీత దగ్గరా ఆగి, ఫోన్లో ఒకసారి చూసుకుని, అంచున చిన్న టిక్కు పెట్టి ముందుకు కదిలేది. కాశీవిశ్వనాథం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా తన ముందు కూర్చుని పేపరు దిద్దితే ఎలా ఉంటుందో ఆయనకు నలభై ఏళ్ళుగా గుర్తులేదు. అరికాళ్ళలో చెమట పట్టింది.

ఇరవై రెండూ వచ్చాయి. పదిహేనూ వచ్చాయి. తొంభై ఆరు. ఆ పిల్ల అక్కడితో ఆగక ఋతుపవనాల బొమ్మ దగ్గరికి వెనక్కి వెళ్ళింది. ఆయన పూర్తి మార్కులు వేసిన బొమ్మ అది. "ఇది మీరు చూడలేదు. బాణం ఉల్టా పెట్టిన" అని తన మార్కులు తనే రెండు కోసుకుంది. తొంభై నాలుగు.

ఆ అంకె వేశాక పెన్ను కింద పెట్టి మెల్లగా అడిగింది. "ఇది నిజమేనా అంకుల్? మొన్న నా మంచికే తగ్గించిన్రు. ఇయ్యాల నా మంచికే పెంచిన్రేమో. నేనెట్ల నమ్మాలె?"

అడగవలసిన ప్రశ్నే అడిగింది. తన మాటకు ఇప్పుడు విలువ లేదని ఆయనకు తెలుసు. ఒట్టు వేసినా, అట్లాసు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినా ఉపయోగం లేదు.

"నన్ను నమ్మక్కర్లేదమ్మా. ఇప్పుడు దిద్దింది నువ్వు. ఆ రెండు మార్కులు కోసుకుంది నువ్వు. ఎక్కువేసుకునేదానివైతే అవి కోసేదానివి కాదు."

నిఖిల మళ్ళీ పేపరు వంక చూసింది. సాగిపోయిన కలం గీత దగ్గర, సగంలో ఆగిన ఆఖరి వాక్యం పక్కన, ఎర్రపెన్నుతోనే మిగతా సగం రాసి చుక్క పెట్టింది. తర్వాత అట్టపెట్టెలోంచి చుట్టిన పటం తీసి ఆయనకు ఒక కొస అందించింది. ఇద్దరూ కలిసి పాత టేపు మచ్చల మీదే దాన్ని మళ్ళీ అంటించారు. ఆయన వైపు కాస్త వంకరగా వచ్చింది. సుగుణ మలుపు దగ్గర నుంచే అటు పక్క ఎత్తమని చెప్పింది.

మర్నాడు నిఖిల వెళ్తున్నానని మేనేజరుతో చెప్పింది. మొన్నొక మాట, ఇవాళొక మాటా అన్నాడతను. పోస్టు ఉంచడం కుదరదన్నాడు. తిరిగి వస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. అంతా తెలిసే ఆ పిల్ల బ్యాడ్జీ, స్కానరు ఒప్పజెప్పి వచ్చింది. బస్సులో ఏడ్చిందట, సుగుణకు మాత్రం చెప్పింది. ఆ వారమంతా జాలీలోంచి నేలలూ నదులూ పైకొస్తూనే ఉన్నాయి. కాశీవిశ్వనాథం మడమ నేలకు తగల్లేదు. ఒకటి రెండుసార్లు తగలబోయింది గానీ, ముందు టాబ్లెట్‌లో చూసి, ఆ పిల్లదే ఒప్పని తేలి, కాలు మెల్లగా కింద పెట్టుకున్నాడు.

తర్వాతి గురువారం ఎయిర్‌పోర్టులో దింపినప్పుడు నిఖిల ఇద్దరి కాళ్ళకూ దణ్ణం పెట్టి, సుగుణ చేతిలో ఒక కవరు పెట్టింది. సీలు వేసి ఉంది. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు తెరవాలని దాని మీద రాసి ఉంది.

శనివారం కాశీవిశ్వనాథం డైనింగ్ టేబుల్ ముందు కూర్చున్నాడు. కవరులో తెలంగాణ ఖాళీ పటం ఒకటి ఉంది, గీతలు తప్ప ఒక్క పేరు లేదు. ముప్పై మూడు జిల్లాలు గుర్తించండి, సమయం అరగంట. సుగుణ ఆయన గడియారం తీయించింది. కళ్ళజోడు డబ్బా తెరిచి చూసి అందులో చీటీ లేదని రూఢి చేసుకుంది. ఆ తర్వాత అల్మైరాలోంచి తన మంచుబూట్లు తెచ్చి తొడుక్కుని గదిలో దభీదభీమని తిరగడం మొదలెట్టింది. సెప్టెంబరులో మంచుబూట్లేమిటని ఆయన అడిగితే, పరీక్షలో మాట్లాడకూడదంది.

ఆయన మొట్టమొదట పెద్దపల్లి గుర్తించాడు. గుండ్రంగా రాశాడు. తర్వాత పాత పదీ చకచకా వచ్చాయి. అక్కడి నుంచి బండి నెమ్మదించింది. ఆయనకు బాగా తెలిసిన వరంగల్ చుట్టూ ఇప్పుడు ఎన్నో ముక్కలున్నాయి. నిన్న రాత్రి పది గంటల దాకా చదివినవన్నీ నాలుక చివరే ఉన్నాయి, కలం చివరికి మాత్రం రావడంలేదు. ములుగు రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ అక్కడే రాశాడు. నారాయణపేట ఎక్కడో కింద ఉండాలి. ఆ పేరులో రెండక్షరాలు పడ్డాయో లేదో గంట మోగింది.

"రెండు నిమిషాలు సుగుణా. వస్తున్నాయి, వచ్చేస్తున్నాయి."

"అసలు పరీక్షలో ఇస్తారా?" అని సుగుణ పేపరు లాగేసుకుంది.

ఫోటో తీసి హైదరాబాదు పంపింది. పేపరు ఆయనకు తిరిగి ఇవ్వలేదు. ఆ రోజంతా, ఆదివారమంతా ఆయన బేస్‌మెంట్ తలుపు దగ్గరికి ఏదో పనున్నట్టు వెళ్ళి వస్తూనే ఉన్నాడు. పరీక్ష ముందుంచుకుని ఆ పిల్లకు తన పేపరు దిద్దే తీరిక ఎక్కడుంటుందిలే అని పైకి అనేవాడు. సోమవారం మధ్యాహ్నం భోజనానికి వస్తూ చూస్తే తలుపు మీద నోటీసు ఉంది. రాత సుగుణది, మాటలు నిఖిలవి. "కాశీవిశ్వనాథం, 19/33. చేతిరాతకు కోత లేదు."

ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివాడు. వచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ, ములుగు తను పెట్టినచోటే ఉందనీ, కొట్టివేత కింద అక్షరాలు స్పష్టంగా కనపడుతూనే ఉన్నాయనీ, న్యాయంగా అయితే ఇరవై రావాలనీ అన్నాడు. రీవాల్యుయేషన్‌కి అప్లై చేసుకునే వీలుందేమో కనుక్కోమన్నాడు.

సుగుణ సాంబారు తేవడానికి లేచింది.